పిల్లనివ్వని మామగారు

1667 జూన్‌లో డచ్చివాళ్ళు మెడ్‌వే నదిలోకి చొరబడ్డారు. చాటమ్ రేవులో ఇంగ్లీషు యుద్ధనౌకల్ని తగలబెట్టి, రాజుగారి పేరు పెట్టుకున్న ఓడను తాళ్ళు కట్టి మరీ లాక్కుపోయారు. లండన్ జనం కోపం మాత్రం డచ్చివాళ్ళ మీదికి పోలేదు. పికాడిలీలో కొత్తగా లేచిన ఒక మహాభవనం మీదికి పోయింది. దాని ముందున్న చెట్లు నరికేశారు, కిటికీలు పగలగొట్టారు. గేటు దగ్గర ఉరికొయ్య వెలిసింది. అది నిజంగా పాతిందో, గేటు మీద గీసిన బొమ్మో ఆ సంగతి డైరీలో రాసుకున్న శామ్యూల్ పీప్స్‌కే సరిగ్గా తెలియదు. దానితోపాటు మూడు నేరాల చిట్టా కూడా ఉందని మాత్రం రాశాడు. డంకర్క్, టాంజియర్, గొడ్రాలైన రాణి.

ఆ భవనం లార్డ్ చాన్సలర్ ఎడ్వర్డ్ హైడ్‌ది. క్లారెండన్ ఎర్ల్ అనే బిరుదుతో చరిత్రలో నిలిచిపోయినవాడు. డంకర్క్ అంటే 1662లో ఫ్రాన్సుకు అమ్మేసిన రేవుపట్నం. టాంజియర్ అంటే రాణి కట్నంలో వచ్చి, ఖజానాను తినేస్తున్న ఆఫ్రికా కోట. ఈ రెండూ రాజ్యానికి సంబంధించిన ఫిర్యాదులు. మూడోది కుటుంబానికి సంబంధించింది. హైడ్ కూతురు ఆన్, రాజు రెండో చార్లెస్ తమ్ముడైన జేమ్స్ భార్య. రాజుకు పిల్లలు పుట్టకపోతే సింహాసనం తమ్ముడికి, ఆ తర్వాత ఆన్ కన్న పిల్లలకు పోతుంది. అంటే చాన్సలర్ మనవలకు. జనానికి లెక్క వేళ్ళ మీద తేలిపోయింది: పిల్లలు పుట్టని పోర్చుగీసు పిల్లను ఏరికోరి తెచ్చి రాజుకు కట్టబెట్టింది ఈయనే.

చివరికి జరిగింది కూడా అచ్చం అదే. చార్లెస్‌కు ధర్మపత్ని వల్ల సంతానం కలగలేదు. హైడ్ మనవరాళ్ళు మేరీ 1689లో, ఆన్ 1702లో ఇంగ్లండు రాణులయ్యారు. విల్ట్‌షైర్ పల్లెటూళ్ళో ఒక మోతుబరి ఇంట్లో పుట్టిన వకీలుకు ఇద్దరు రాణులు మనవరాళ్ళు. ఫలితాన్ని బట్టి ఉద్దేశాన్ని తేల్చేస్తే కేసు అక్కడితో మూసేయవచ్చు. ఈ మూడున్నర శతాబ్దాల్లో అలా మూసినవాళ్ళూ ఉన్నారు, తిరిగి తెరిచినవాళ్ళూ ఉన్నారు. అయితే ఈ కేసులో ముఖ్యసాక్షి ముద్దాయే. హైడ్ గురించి మనకు తెలిసినదాంట్లో పెద్దభాగం హైడ్ రాసిందే, అదీ ప్రవాసంలో కూర్చుని తన పిల్లల కోసం రాసింది. ఆయన మీద తీర్పు చెప్పేవాళ్ళు దాన్ని ఎంతవరకు గుర్తుపెట్టుకున్నారన్నదే ఈ సమీక్షలో నాకు ముఖ్యం.

తండ్రి చావు ఒక్కటి చూస్తే ఈ చిక్కు అర్థమవుతుంది. హైడ్ 1609లో డింటన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి హెన్రీ 1634లో పోయాడు. బిషప్ గిల్బర్ట్ బర్నెట్ చెప్పిన కథలో తండ్రీకొడుకులు పొలాల్లో నడుస్తూ ఉంటారు. మీ లాయర్లు రాజు అధికారాన్ని సాగదీసి జనం హక్కులు హరిస్తారు, నువ్వు మాత్రం రాజు మెప్పు కోసమో సొంత లాభం కోసమో చట్టాన్ని బలిపెట్టకు అని పెద్దాయన ఒట్టు వేయించుకున్నంత పని చేసి, అక్కడికక్కడే కుప్పకూలి, కొన్ని గంటల్లో కన్ను మూస్తాడు. నాటకానికి ఇంతకన్నా మంచి తొలిరంగం దొరకదు. కొడుకు తన జీవితకథలో రాసింది వేరు. అందులో పొలమూ లేదు, ఉపదేశమూ లేదు. పెద్దాయనకు ఉన్నట్టుండి ఎడమచెయ్యి లాగేసేది. కొద్ది నిమిషాలు ముఖం పాలిపోయి శవంలా అయిపోయేవాడు. నొప్పి తగ్గగానే మళ్ళీ మామూలు మనిషే. ఏదో ఒకరోజు ఈ నొప్పిలోనే పోతానని తానే అనేవాడు, అలాగే సాల్స్‌బరీలో పోయాడు. గుండెనొప్పిని ఇంత వివరంగా వర్ణించిన తొలి రాతల్లో ఇదొకటని వైద్య చరిత్రకారులు దీన్ని ప్రస్తావిస్తుంటారు. చాలామంది జీవితచరిత్రకారులకు బర్నెట్ కథే నచ్చింది. నేనైతే ఎడమచేతి నొప్పినే నమ్ముతాను. రాజకీయాల్లో తనను తాను సమర్థించుకునేటప్పుడు హైడ్‌ను అనుమానించాలి గానీ, ఇంట్లోవాళ్ళ ఒంటినొప్పుల గురించి రాసేటప్పుడు ఆయన కన్ను తప్పదు.

మూడో కొడుకు కాబట్టి మొదట ఆయన్ని చర్చి ఉద్యోగానికి అనుకున్నారు. అన్నలు పోవడంతో లా చదువుకు మళ్ళించారు. పినతండ్రి నికొలస్ హైడ్ అప్పటికే ఆ రంగంలో పెద్దమనిషి, తర్వాత ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యాడు. 1632లో చేసుకున్న మొదటి భార్య ఆన్ ఐలిఫ్ ఆరు నెలలకే మశూచితో పోయింది. 1634లో టంకసాల అధికారి సర్ థామస్ ఐల్స్‌బరీ కూతురు ఫ్రాన్సెస్‌ను చేసుకున్నాడు. ముప్పై మూడేళ్ళ కాపురం. అందులో చాలా కాలం భర్త ఒక దేశంలో, భార్యాపిల్లలు ఒక దేశంలో.

1640ల రాజకీయం ఒక పెద్ద పుస్తకానికి సరిపడా ఉంది, ఇక్కడ టూకీగా సరిపెడతాను. పార్లమెంటులో రాజు అక్రమ పన్నులను, వాటికి వంతపాడిన జడ్జీలను ఎండగట్టినవాళ్ళలో హైడ్ ఒకడు. ఏడాది తిరిగేసరికి, బిషప్పులను తీసేయాలన్న వాదం ముదిరేసరికి, అదే మనిషి మొదటి చార్లెస్ పక్షాన ప్రకటనలు రాస్తున్నాడు. ఇది గోడదూకుడా, నిలకడా? తాను నిలిచినచోటే నిలిచాననీ, కదిలింది ఎదుటివాళ్ళేననీ హైడ్ వాదన. పాత చరిత్రకారులు ఆ మాటనే అప్పచెప్పారు. 1951లో చరిత్రకారుడు వార్మల్డ్ దాన్ని విప్పి చూపించాడు. 1641 నాటి హైడ్ రాజపక్షం నాయకుడేమీ కాదనీ, రెండు వైపులా రాజీ కోసం వెతుకుతున్న పార్లమెంటు మనిషి అనీ, తర్వాత రాసిన చరిత్రలో ఆ గీతలు సాపు చేసుకున్నాడనీ అతని వాదన. నాకు ఇదే సబబుగా తోస్తుంది. ఆ రాజీ ఆశతోనే తిరిగిన ఆయన ప్రాణమిత్రుడు ఫాక్‌లాండ్ ప్రభువు 1643లో న్యూబరీ యుద్ధంలో చనిపోయాడు. హైడ్ తన గ్రంథంలో ఎవరి గురించీ అంత ప్రేమగా రాయలేదు.

రాజపక్షం ఓడిపోయాక సిల్లీ దీవులు, జెర్సీ, మాడ్రిడ్, పారిస్, కొలోన్, బ్రూజ్. కట్టెలకూ బట్టలకూ కటకటలాడుతూ, రాజ్యం లేని రాజు రెండో చార్లెస్‌కు మంత్రిత్వం. 1658లో బ్రూజ్‌లో ఆయన్ని లార్డ్ చాన్సలర్‌ను చేశారు. అప్పటికి ఆ పదవికి దేశమే లేదు. కుటుంబం మాత్రం చార్లెస్ సోదరి, ఆరెంజ్ రాకుమారి మేరీ ఆదరణలో బ్రెడాలో తలదాచుకుంది. పెద్దకూతురు ఆన్ ఆ రాకుమారి కొలువులో చెలికత్తెగా చేరింది. జేమ్స్ కంట్లో పడింది ఆ కొలువులో ఉండగానే. 1659 నవంబరులో బ్రెడాలో ఇద్దరూ పెళ్ళిమాట ఇచ్చిపుచ్చుకున్నారు. ఆర్నెల్లకల్లా రాజుకు రాజ్యం తిరిగివచ్చింది. 1660 సెప్టెంబరు 3 అర్ధరాత్రి వేళ, లండన్‌లో వర్సెస్టర్ హౌస్‌లో, నిండు గర్భిణి అయిన ఆన్‌తో జేమ్స్ తన మతగురువు చేత రహస్యంగా పెళ్ళి చేయించుకున్నాడు. వర్సెస్టర్ హౌస్ ఎవరిదో కాదు, హైడ్ కాపురముంటున్న అద్దె ఇల్లే. ఇంట్లో పెళ్ళి జరిగినా ఇంటాయనకు తెలియదు.

తెలియదనే ఆయన రాశాడు. రాజు పంపిన ఇద్దరు మిత్రులు కబురు చెప్పినప్పుడు తాను ఏమన్నాడో కూడా దాచుకోలేదు. తన కూతురు జేమ్స్ డ్యూక్‌కు భార్య కావడం కంటే ఉంపుడుకత్తె కావడమే నయమన్నాడు. ఒకవేళ పెళ్ళే అయి ఉంటే ఆమెను టవర్ జైల్లో వేయించి, పార్లమెంటులో చట్టం చేయించి తల తీయించాలనీ, ఆ ప్రతిపాదన తానే పెడతాననీ అన్నాడు. కూతుర్ని గదిలో పెట్టి కాపలా పెట్టించాడు. అయినా రాత్రిళ్ళు అల్లుడు వచ్చిపోతూనే ఉన్నాడట, ఆ సంగతీ ఆయన రాసిందే. తక్కువవాణ్ణి కట్టుకుందని రంకెలు వేసే తండ్రులను మనం చాలామందిని చూశాం. రాజకుమారుణ్ణి కట్టుకుందని రంకెలు వేసిన తండ్రి అరుదు.

ఇది నటన అని అప్పుడే కొందరు అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం, ఎందుకంటే ఆ గదిలో ఏం జరిగిందో చెప్పేది ఆయన ఒక్కడే. కానీ ఆ భయం నటన కాదనడానికి లెక్కలున్నాయి. అధికారం నిజంగా చేతికొచ్చి ఇంకా నెలలే అయింది. ఒక వకీలు రాజవంశంతో వియ్యమందడాన్ని పాత ప్రభువులు సహించరు. రాజమాత హెన్రియెట్టా మరియా ఈ పెళ్ళి చెడగొట్టడానికే ఫ్రాన్సు నుంచి ఓడెక్కింది. డ్యూక్ అంగరక్షక దళం అధికారి చార్లెస్ బార్క్‌లీ, ఆన్‌తో తనకూ సంబంధం ఉందని చాటింపు వేశాడు. ఆ తర్వాత అబద్ధమాడానని అతనే ఒప్పుకున్నాడు. జేమ్స్ కొన్ని వారాలు ఊగిసలాడాడు. గట్టిగా నిలబడింది ఒక్క చార్లెస్. చేసుకున్నావు కాబట్టి ఏలుకో అన్నదే ఆయన తీర్పు. అక్టోబరులో పుట్టిన మగబిడ్డ ఏడు నెలలకే పోయాడు. 1661 ఏప్రిల్‌లో, పట్టాభిషేకానికి మూడు రోజుల ముందు, హైడ్ క్లారెండన్ ఎర్ల్ అయ్యాడు. బిరుదు ఇవ్వకపోతే రాజుగారి మరదలు ఫలానా వకీలు కూతురు అని పిలిపించుకోవాల్సి వస్తుంది మరి.

ఇక గొడ్రాలి రాణి. బ్రగాంజా కాథరిన్ సంబంధం హైడ్ వెతికింది కాదు, పోర్చుగల్ రాయబారి మోసుకొచ్చింది. డబ్బుతోపాటు టాంజియర్, బొంబాయి ఇస్తామన్నారు. ఫ్రాన్సు రాజు సరే అన్నాడు. స్పెయిన్ రాయబారి మాత్రం ఆ పిల్లకు పిల్లలు పుట్టరని ప్రచారం మొదలుపెట్టాడు. పోర్చుగల్‌తో అప్పుడు యుద్ధంలో ఉన్నది స్పెయినే కదా. తర్వాత జనం నోట పడింది ఈ పుకారే. 1661లో ఒప్పందం కుదిరేనాటికి ఆమె గర్భం సంగతి ఎవరికీ తెలిసే వీలు లేదు. పెళ్ళయ్యాక ఆమె గర్భం దాల్చింది, నిలవలేదు. హైడ్ దీన్నంతా ముందే కనిపెట్టి మనవల కోసం ఎత్తు వేశాడంటే మంత్రిని కాదు, జ్యోతిష్కుణ్ణి ఊహించుకోవాలి.

బొంబాయి ఎక్కడుందో ఆయనకు తెలియదనీ, బ్రెజిల్ పక్కన ఉందనుకున్నాడనీ ఒక కథ పుస్తకాల్లో తిరుగుతూ ఉంటుంది. నిజమో కాదో గానీ, అప్పటికి ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచి యాభై ఏళ్ళయింది. బందరు అద్దకాల ధర తెలిసిన వర్తకులు లండన్‌లో కొదవ లేదు. 1668లో రాజు బొంబాయిని ఏడాదికి పది పౌన్ల అద్దెకు కంపెనీకి అప్పగించేనాటికి హైడ్ దేశంలోనే లేడు.

కుటుంబం పేరుతో పడ్డ అనుమానం ఇదొక్కటే కాదు. 1667లో రాజు మనసు పడిన ఫ్రాన్సెస్ స్టూవర్ట్ అనే అందగత్తె రిచ్‌మండ్ డ్యూక్‌తో లేచిపోయింది. రాజు కాథరిన్‌కు విడాకులిచ్చి ఆమెను చేసుకుంటాడేమోనన్న భయంతో చాన్సలరే ఆ జంటను కలిపాడని రాజు చెవిలో ఊదారు. హైడ్ కాదన్నాడు. చార్లెస్ నమ్మినట్టు లేదు.

ఆయన పేరుతోనే పిలిచే క్లారెండన్ కోడ్ విషయానికొస్తే, నిందలో సగం పేరు వల్ల వచ్చిందే. 1661 నుంచి 1665 వరకు వచ్చిన ఆ నాలుగు చట్టాలు ఆంగ్లికన్ చర్చికి లొంగని క్రైస్తవులను మునిసిపాలిటీల్లోంచి, గుళ్ళలోంచి, చివరికి ఊళ్ళలోంచి కూడా తరిమాయి. చరిత్రకారుల్లో బోషర్ 1951లో, హైడ్ మొదటి నుంచీ ప్రెస్బిటీరియన్లను ఊరించి మోసగించాడన్నాడు. 1978లో గ్రీన్ చర్చి దస్తావేజులు తిరగేసి, కక్ష తీర్చుకోవాలని చూసింది పార్లమెంటులో కూర్చున్న భూస్వాములనీ, హైడ్ మొదట్లో సర్దుబాటుకే చూశాడనీ వాదించాడు. తర్వాత పని చేసిన సీవార్డ్ ఆ పార్లమెంటును దగ్గరగా చూసి, మంత్రి చెప్పినట్టల్లా ఆడే సభ కాదది అని తేల్చాడు. నాకు గ్రీన్ వైపే మొగ్గు. అయితే చట్టాలు వచ్చాక వాటిని గట్టిగా అమలు చేయమన్నది కూడా హైడే. పేరు అన్యాయంగా అంటుకుందనవచ్చు గానీ, ఊరికే అంటుకుందనలేం.

పికాడిలీ ఇల్లు మాత్రం ఆయన స్వయంకృతం. రోజర్ ప్రాట్ గీసిన నక్షా, సెయింట్ పాల్స్ చర్చి మరమ్మతు కోసం తెచ్చిన రాళ్ళు, అంచనాను ఎప్పుడో దాటేసిన ఖర్చు. ప్లేగు, లండన్ అగ్నిప్రమాదం, యుద్ధం మూడూ నడుస్తున్న ఏళ్ళలో అది లేచింది. డంకర్క్ డబ్బుతో కట్టాడని జనం దానికి డంకర్క్ హౌస్ అని పేరు పెట్టారు. లంచానికి రుజువు దొరకలేదు. కట్టి ఉండకూడదని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు.

ఉరికొయ్య వెలిసిన ఆ వేసవి ఆ ఇంట్లో ఎలా గడిచిందో చూడండి. మే నెలలో చిన్న మనవడు పోయాడు. జూన్‌లో, కిటికీలు పగిలిన వారం రోజులకే, నాలుగేళ్ళు కూడా నిండని పెద్ద మనవడు కేంబ్రిడ్జ్ డ్యూక్ పోయాడు. ఏ మనవలను గద్దె ఎక్కించాలని కుట్ర చేశాడన్నారో ఆ మగపిల్లలు ఇద్దరూ వరసగా పోయారు. ఆగస్టులో భార్య ఫ్రాన్సెస్ పోయింది. రాజు పరామర్శకు వచ్చి వెళ్ళాడు. రెండు వారాలు తిరక్కుండానే రాజీనామా చేయమని కబురు పంపాడు, అదీ అల్లుడు జేమ్స్ చేత. ఆగస్టు 30న పదవి ముద్రలు లాగేసుకున్నారు. అంతకు నాలుగు రోజుల ముందు ఆయన వైట్‌హాల్ నుంచి తలవంచుకుని వెళుతుంటే, రాజు ప్రియురాలు కాసిల్‌మెయిన్ పడక మీది నుంచి లేచి, లోపలి బట్టలతోనే తన పక్షుల పంజరం దగ్గరికి పరుగెత్తుకొచ్చి చూసి సంబరపడిందని పీప్స్ రాసుకున్నాడు. ఆమె అసలు పేరు బార్బరా విలియర్స్. ఆమె తండ్రి గ్రాండిసన్ ప్రభువు 1643లో రాజు కోసం పోరాడి చనిపోయాడు. హైడ్‌కు ఎంతో ఇష్టమైన స్నేహితుడు.

ఆయన పతనానికి కారణాల మీద చరిత్రకారులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. యుద్ధం ఓడినందుకు ఒక బలి కావాల్సి వచ్చిందనేది ఒక మాట. ఆర్లింగ్టన్, కొవెంట్రీ లాంటి కొత్తతరం పదవుల పోటీ అనేది ఇంకో మాట. నాకు రాజు విసుగే అసలు కారణమనిపిస్తుంది. పద్నాలుగేళ్ళ కుర్రాడిగా ఉన్నప్పటి నుంచి సుద్దులు చెప్పిన మనిషి, ముప్పై ఏడేళ్ళు వచ్చినా ఇంకా అదే గొంతుతో చెబుతున్నాడు. పైగా ఇప్పుడు తమ్ముడికి మామ.

కామన్స్ సభ పదిహేడు ఆరోపణలు పెట్టింది. ఒక్కటి మాత్రం చెప్పుకోదగ్గది: విచారణ లేకుండా మనుషులను దూరపు దీవుల్లో, కోర్టు రిట్లు చేరని చోట నిర్బంధించాడని. 1679 హెబియస్ కార్పస్ చట్టం వెనక ఈ జ్ఞాపకం కూడా ఉంది. మన హైకోర్టుల్లో తరచూ వినబడే ఆ మాట చరిత్రలో ఈయన పేరు అలా ముద్దాయిగా నమోదైంది. తండ్రికి ఇచ్చాడని బర్నెట్ చెప్పిన మాట నిజమే అయితే, అది తప్పింది ఇక్కడే.

నవంబరు 29 రాత్రి ఆయన ఫ్రాన్సుకు పారిపోయాడు. వెళ్ళేముందు తాను చూడడానికి వెళ్ళాననీ, గౌట్‌తో కాళ్ళు పడిపోయి చక్రాల కుర్చీలో తోటలో కూర్చుని, ఉత్తరం వైపు గేట్లు బిగిస్తుంటే చూస్తున్నాడనీ జాన్ ఈవ్లిన్ డైరీలో ఉంది. ఇంత బొమ్మకట్టినట్టున్న సాక్ష్యానికి తేదీ డిసెంబరు 9 అని ఉంది. అప్పటికి హైడ్ వెళ్ళి పది రోజులైంది. డైరీలు కూడా తర్వాత తీరిగ్గా నింపుకునేవే అనడానికి ఇదొక నమూనా. అయినా ఆ గేట్లను ఈవ్లిన్ కల్పించాడని నేననుకోను.

ఫ్రాన్సులో ఏడేళ్ళు. ఎవ్రూలో ఇంగ్లీషు నావికులు ఆయన మీద పడి కొట్టి దోచుకున్నారు. మాంపెలియేలో కుదుటపడి జీవితకథ మొదలుపెట్టాడు. 1671లో రెండో కొడుకు లారెన్స్ అనుమతి తీసుకుని తండ్రిని చూడడానికి వెళ్తూ, పాతికేళ్ళ నాడు సిల్లీ, జెర్సీ దీవుల్లో రాసిన పాత కాగితాలు పట్టుకెళ్ళాడు. తండ్రి ఆ పాత చరిత్రనూ కొత్త జీవితకథనూ కత్తిరించి అతికించి ఒకే గ్రంథం చేశాడు. ఏ భాగం యుద్ధం వేడిలో కాగితాలు ముందు పెట్టుకుని రాసిందో, ఏది ప్రవాసంలో జ్ఞాపకం మీద ఆధారపడి రాసిందో విడదీసి చూపినవాడు ఫర్త్. రెండో రకంలో తేదీలూ క్రమమూ తప్పుతాయని నిరూపించాడు. క్లారెండన్ మీద మంచి చెడ్డ ఏది రాసినా ఫర్త్ పనిని దాటి రాయకూడదు, కానీ చాలామంది రాశారు.

కొడుకు వచ్చిన ఆ ఏడాదే కూతురు ఆన్ చనిపోయింది. అప్పటికే కాథలిక్ మతంలో కలిసింది. తండ్రి వద్దని ఉత్తరాలు రాశాడు. పిల్లల దగ్గర చావనివ్వమని రాజును ప్రాధేయపడ్డాడు, జవాబు రాలేదు. 1674 డిసెంబరులో రూఆన్‌లో పోయాడు. శవానికి మాత్రం దేశంలోకి అనుమతి దొరికింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పూడ్చారు. పికాడిలీ ఇంటిని కొడుకులు అమ్మేశారు. 1683లో దాన్ని పడగొట్టి స్థలాలు చేశారు. ఇప్పటి బాండ్ స్ట్రీట్, ఆల్బమార్ల్ స్ట్రీట్ అలా పుట్టినవే.

కొడుకులను బావగారు జేమ్స్ రాజయ్యాక పెద్ద పదవుల్లో కూర్చోబెట్టాడు. లారెన్స్ ఖజానా మంత్రి, హెన్రీ ఐర్లండు పాలకుడు. కాథలిక్కులుగా మారనందుకు రెండేళ్ళలో ఇద్దరినీ దింపేశాడు. 1688లో మేరీ భర్త విలియం దండెత్తినప్పుడు రాజును వదిలి ముందుగా అటు దూకినవాళ్ళలో హెన్రీ కొడుకు కార్న్‌బరీ ఒకడు. నా కొడుకు ద్రోహి అయ్యాడని హెన్రీ తన డైరీలో ఏడ్చుకున్నాడు. తానేమో సొంత మేనకోడలు మేరీ రాణి అయినా ప్రమాణం చేయనని మొండికేసి టవర్ జైలుకు వెళ్ళాడు. లారెన్స్ ప్రమాణం చేసి పదవిలోకి వచ్చాడు. అందుకే తండ్రి గ్రంథం అచ్చు వేయించే పని ప్రధానంగా అతని చేతిలో పడింది. 1702 నుంచి 1704 దాకా మూడు సంపుటాలు వెలువడ్డాయి. అప్పుడు గద్దె మీద ఉన్నది మేనకోడలు ఆన్. తాతగారి పుస్తకం ముందుమాటల్లో మేనమామ ఆమెకు రాజకీయ పాఠాలు చెప్పాడు. ఆ పుస్తకం అమ్మకాల మీద వచ్చిన డబ్బు ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం భవనానికి సాయపడింది. మన యూనివర్సిటీ లైబ్రరీల్లో పాత పుస్తకాలు తిరగేసినవాళ్ళకు మొదటి పేజీ అడుగున కనిపించే క్లారెండన్ ప్రెస్ అన్న పేరు అదే.

ఆన్ రాణికి ఒక్క బిడ్డా దక్కలేదు. 1714లో హైడ్ నెత్తురు సింహాసనం దిగింది. బిరుదు 1753లో మగసంతు లేక అంతరించింది. 1776లో దాన్ని మళ్ళీ బతికించి, చివరి హైడ్ ఎర్ల్ మనవరాలు షార్లట్ భర్తకు ఇచ్చారు. ఆయన పేరు థామస్ విలియర్స్. వైట్‌హాల్‌లో పక్షుల పంజరం దగ్గర నిలబడి చూసిన బార్బరా వంశంవాడే. క్లారెండన్ ఎర్ల్‌గిరీ ఇప్పటికీ ఆ విలియర్స్ ఇంట్లోనే ఉంది.